మెరక మీద జాగా

నాలుగు రాళ్లు, వాటి కింద పరిచిన నీలం గళ్ల తువ్వాలు.

మార్కెట్ యార్డులో మెరక మీద మిగిలిన జాగా అదొక్కటే. మిగతా అంతా మొక్కజొన్న రాశులే. ఆ రాళ్లను చూసి అందరూ మర్యాదగా తప్పుకున్నారు.

"ఎవరో ఆపుకున్నారక్కా," అన్నాడు తమ్ముడు ట్రాక్టర్ దిగకుండానే.

"రాళ్లు పెడితే రాసిచ్చేసినట్టేనా? దించరా." అక్క రాళ్లను కాలితో పక్కకు నెట్టేసింది.

"ఆ తువ్వాలాయన వస్తే?"

"వస్తే నేను మాట్లాడతాగా!"

అక్క మాట్లాడితే అవతలివాళ్లకు మాట మిగలదని తమ్ముడికి తెలుసు. నోరు మూసుకుని గింజలు దించి ఎండకు పరిచాడు.

ఎండ చుర్రుమంటోంది. అడిగినప్పుడు ఇచ్చేద్దాంలే అనుకుని, అక్క ఆ తువ్వాలునే దులిపి తలకు చుట్టుకుంది.

ఈ ఏడాది వానలు ఎప్పుడు రావాలో అప్పుడు రాలేదు. మొదట వేసిన విత్తనం మాడిపోతే అక్క పట్టుబట్టి రెండోసారి వేయించింది. దాంతో కోత కూడా వెనక్కి జరిగింది.

"ఇది కూడా పోయిందంటే చేను కౌలుకిచ్చేసి డ్రైవర్‌గా లారీ ఎక్కేస్తానక్కా," అని తమ్ముడు ఖరాఖండిగా చెప్పేశాడు. నాన్న పోయాక ఆ చేనును పట్టుకుని వేలాడుతున్నది అక్కే. తమ్ముడు లారీ ఎక్కితే ఆ చేను మళ్లీ చేతికి రాదని ఆమె భయం.

మధ్యాహ్నం ఒకాయన వచ్చి రాశి పక్కన నిలబడ్డాడు. బక్కపలచటి మనిషి. రాశిని చూశాడు. ఆమె తలవైపు చూశాడు. ఏదో అనబోయి, ఆకాశం కేసి చూశాడు.

"మబ్బు కమ్ముకొస్తోందమ్మా. పోగు చేసి కప్పేసుకోండి. మీ టార్పాలిన్ సగానికైనా వచ్చేట్టు లేదే!"

అక్కకు సంగతి అర్థమైపోయింది. అంటే, అర్థమైపోయిందనుకుంది. గేటు దగ్గర టార్పాలిన్లు అద్దెకిచ్చేవాళ్లు మబ్బుల పేరు చెప్పి హడలగొట్టడం ఆమెకు కొత్తేం కాదు.

"తడిస్తే మా గింజలు తడుస్తాయి. మధ్యలో నీకేంటయ్యా బాధ? మాకే అద్దెలూ అక్కర్లేదు."

"అద్దె కాదమ్మా, నేను..."

"వెళ్లవయ్యా బాబూ!"

ఆయన వెనుదిరిగి వెళ్లిపోయాడు.

"మబ్బుల మామ!" అని అక్క అప్పటికప్పుడు పేరు పెట్టేసింది. తమ్ముడు కిసుక్కున నవ్వాడు.

ఆ నవ్వు ఆగకముందే గాలి లేచింది. దాని వెనకే వాన.

ఇద్దరూ ఆదరాబాదరాగా గింజలు పోగు చేశారు. టార్పాలిన్ లాగితే సగం రాశి బయటే ఉండిపోయింది.

"బతిమాలినప్పుడు రాలేదు, ఇప్పుడు ఊడిపడ్డావా!" అని ఆకాశాన్ని తిట్టిపోస్తూ అక్క ఆ గింజల మీద బోర్లా పడుకుంది. తన ఒళ్లు అడ్డం పెడితే ఎన్ని గింజలు ఆగుతాయని? అయినా పడుకుంది.

వానలో ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. మబ్బుల మామ! మోకాళ్లదాకా బురద. భుజం మీద పెద్ద టార్పాలిన్.

"ఆ కొస పట్టుకో అబ్బాయ్! లెగమ్మా, లే! రాళ్లేవీ, రాళ్లు?"

పొద్దున అక్క కాలితో నెట్టేసిన ఆ నాలుగు రాళ్లనే ఆయన వెతికి తెచ్చి, నాలుగు మూలలా పెట్టాడు.

అంత వానలోనూ అక్క ఉండబట్టలేక అడిగేసింది. "ఎంత తీసుకుంటావేంటి?"

"ముందు గింజ దక్కనీ తల్లీ," అంటూనే ఆయన వానలో కలిసిపోయాడు.

సాయంత్రానికి వాన వెలిసింది. తమ్ముడు టార్పాలిన్ ఎత్తి ఒక గింజ కొరికాడు. టక్కుమంది.

"పొడిగానే ఉందక్కా!"

అక్కకు ఏడుపు ఆగలేదు.

"ఇప్పుడెందుకే ఆ ఏడుపు? వచ్చే ఏడు తొందరగా కోతకొచ్చే రకం వేద్దాంలే," అన్నాడు తమ్ముడు. లారీ ఊసే ఎత్తలేదు.

అక్క టార్పాలిన్ మడిచి గేటు దగ్గరకు పరుగెత్తింది. అన్న మాటలకు ఎలాగో సర్దిచెప్పి, అడిగినంతా ఇచ్చేద్దామనుకుంది.

"ఇది మాది కాదమ్మా," అన్నాడు అద్దెకిచ్చే అతను.

పక్కనే స్టూలు మీదున్న ముసలి వాచ్‌మన్ టార్పాలిన్‌ను గుర్తుపట్టాడు. "అది ఆ పల్లంలో రాశి పోసుకున్నాయనది."

అక్క అటు చూసింది. యార్డు చివర కాలువ పొంగి, ఒక రాశి మొత్తం బురదలో కలిసిపోయింది.

"పైన శుభ్రంగానే కప్పుకున్నాడమ్మా. కానీ నీళ్లు కిందనుంచి వచ్చాయి. ఇక దీనికెందుకులే అని టార్పాలిన్ పీక్కుని, ఆ వానలోనే మెరక వైపు పరుగెత్తాడు."

"ఎక్కడున్నాడు తాతా ఇప్పుడు?"

"ఎక్కడుంటాడు! ఆ తడిసినవి పశువులకు వేసుకోమని చెప్పి, ఖాళీ ట్రాక్టర్‌తో వెళ్లిపోయాడు. ఇక చేను ముఖం చూడనన్నాడు."

"మబ్బు చూసి వాన చెప్పినాయన, పల్లంలో ఎందుకు పోసుకున్నాడు తాతా?"

"కావాలని పోసుకున్నాడా? పొద్దున అందరికంటే ముందొచ్చి మెరక మీద జాగా ఆపుకుని, గింజలు తేవడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఎవరో పోసేసుకున్నారట. వెళ్లి అడగవయ్యా అని పంపిస్తే, పాపం, అడగలేకపోయానంటూ వెనక్కొచ్చాడు."

అక్క తలకు చుట్టుకున్న నీలం గళ్ల తువ్వాలును మెల్లగా విప్పి, ఎవరికివ్వాలో తెలియక అలాగే నిలబడిపోయింది.