వెన్నలా కోసిన పూటలు

ఆర్డర్ల మీద పనిచేసి ఇవ్వడానికి ఇంట్లో పెట్టుకున్న లేజర్ కటింగ్ మిషన్ ఒక పూట చెక్కని వెన్నలా కోస్తుంది, మరో పూట పైపైన గీత గీసి ఊరుకుంటుంది. అద్దాలు తుడిచాను, లెన్స్ మార్చాను, లేజర్ ట్యూబుని చల్లబరిచే నీళ్ళూ మార్చాను. నెల రోజులుగా ఇదే తంతు. ఓపిక అయిపోయింది.

మెకానిక్ మీటరు పెట్టి చూశాడు. "మిషన్ బాగానే ఉందమ్మా. కరెంటే చాలట్లేదు. ఈ లైను మీద ఇంకేం నడుస్తోంది?"

"పక్క గదిలో మా అత్తగారి ఆక్సిజన్ మిషన్."

"అదే. అది ఆగినప్పుడల్లా మీది బాగా కోస్తుంది."

"అది ఆగడమేమిటి? గంటసేపు కూడా ఆపొద్దన్నారు డాక్టరుగారు."

పక్క గదిలోంచి అత్తగారు ఆయాసపడుతూ అంది.

"ఆర్డరు పోతుందని నువ్వు తల పట్టుకుంటే చూడలేక, నేనే ఆపేదాన్నమ్మాయ్."