బీరువాలో ఆటపెట్టె

ఇంటర్ పరీక్షలప్పుడు మా మనవరాలు గోపిక వీడియో గేమ్ పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాను. ఇప్పటికి తొమ్మిదేళ్ల నాలుగు నెలలైంది. నిన్న ఉదయగిరిలో మా ఇంటికి వచ్చి, ఉద్యోగం కూడా వచ్చింది కదా, ఇకనైనా ఇమ్మంది. ఇవ్వనన్నాను.

"ఆ పెట్టె చేయడం కంపెనీ ఎప్పుడో మానేసింది, అవ్వా. ఆట మాత్రం ఆగలేదు. ఏడో భాగం ఫోన్‌లోనే వచ్చుండాది. పెట్టె గుర్తుగా ఉంటుందని అడిగినా."

"గుర్తుల కోసం బీరువా తెరవను."

"అబ్బ, నీకు ఆటంటే ఏందో తెలిస్తే గదా!"

మూతి ముడుచుకుని ఫోన్‌లో ఆడుతూ కూర్చుంది. కోట వాకిలి దగ్గర నాలుగుసార్లు ఓడిపోయింది. చింతపండులో గింజలు తీస్తున్న నేను ఇక ఓర్చుకోలేకపోయాను.

"వంతెన ఎక్కొద్దే. కందకంలో దూకి ఎడమకు పో. మూడో భాగంలోనూ అంతేగా."

కోట వాకిలి తెరుచుకుంది. గోపిక మాత్రం నన్నే చూస్తోంది.

"బీరువా తాళంచెవి నీ దగ్గరే గదా ఉండేది?"

"నా దగ్గరే."

లేచి బీరువా తెరిచాను. గుండీల మీద అక్షరాలన్నీ అరిగిపోయిన పెట్టెను దాని చేతిలో పెట్టాను.

"పోయిన నెల ఆగిపోయింది. స్పేర్లు రావడంలేదని ఆత్మకూరులో మూడు షాపులవాళ్లు చెప్పినారు. దీన్ని తీసుకుపో. ఆ ఏడో భాగం నా ఫోన్‌లో ఎక్కించి పో."