విప్పడం, బిగించడం

“కరెంటు పోతే ఏం చేస్తావే గువ్వా?”

పొద్దుటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు అందో తల్లికే గుర్తులేదు. కరెంటు నిక్షేపంగా ఉంది. ఫ్రిజ్ మోత అవతలివాళ్లకి వినిపిస్తుందేమోనని దాని ప్లగ్గు ఆవిడే పీకేసింది. ఎవరైనా వచ్చి బెల్లు కొడతారేమోనని భర్తను గేటు దగ్గర కాపలా పెట్టింది.

గువ్వ ల్యాప్‌టాప్ ముందు ఇంటర్వ్యూ కోసం బిగుసుకుని కూర్చుంది. ఇంట్లో క్షణం నోరు మూయని పిల్ల, పరాయివాళ్లు ప్రశ్న అడిగితే చాలు కొయ్యబారిపోతుంది. ఇప్పటికి రెండు ఉద్యోగాలు అలాగే చేజారాయి. తెలియక కాదు, నోరు పెగలక. ఇవాళ్టిది ఆసుపత్రులకు కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కంపెనీ. ఇదీ పోతే చదివిన చదువంతా అటక మీద పెట్టేసి, బట్టల కొట్టులో బిల్లులు కొట్టుకుంటానని తేల్చి చెప్పేసింది.

తెర నల్లగా ఉంది. మధ్యలో ఒకే ఒక్క వాక్యం: ‘మా వైపు చిన్న ఇబ్బంది. దయచేసి ఆగండి.’

“హలో... నమస్కారమండీ,” అంది గువ్వ. ఉలుకూ పలుకూ లేదు.

“అయిపోయింది. నిన్ను వద్దనుకున్నారు. అందుకే మొహం చూపించట్లేదు.”

“అమ్మా! లైను కలవలేదంతే. వాళ్లు మనకి వినపడరు, మనం వాళ్లకి వినపడం. కాస్త ఊపిరి పీల్చుకో.”

“ముందు నువ్వు పీల్చుకో. చేతులు చూడు, మంచుగడ్డల్లా ఉన్నాయి. ఇంతకీ ఏం అడుగుతారట?”

“ఒక ప్రోగ్రాములో ఉన్న రోగుల వివరాల్ని ఉత్త అక్షరాలుగా మార్చి, ఇంకో ప్రోగ్రాముకి పంపాలి. అక్కడ మళ్లీ వివరాలుగా చెయ్యాలి. ఆ అక్షరాల పద్ధతిని జేసన్ అంటారు.”

“ఉన్నవాటిని ఉన్నట్టు పంపక మార్చడమెందుకు? దారిలో ఏదైనా జారిపోతే?”

“ఇల్లు మారినప్పుడు మన మంచం గుమ్మంలోంచి పట్టిందా? విప్పాం, ముక్కముక్క మీదా పేరు రాశాం, అక్కడికెళ్లి బిగించాం. ఇదీ అంతే.”

“ఆ మంచం ఊసెత్తకు! మీ నాన్న తలవైపుది కాళ్లవైపు బిగించారు. ఇప్పటికీ పక్కకి తిరిగితే కిర్రుమంటుంది. రోగుల్నీ అలాగే బిగిస్తావా?”

గువ్వకి నవ్వొచ్చింది. “నాన్న పేర్లు చదవలేదు. ప్రోగ్రాము పేరు చూసి బిగిస్తుంది. ముక్కలు ఏ వరసలో వచ్చినా ఫరవాలేదు.”

“అసలు రాకపోతే? ఫలానా మందు పడదని రాసిన ముక్కే పోయిందనుకో. తెలియక ఆ మందే ఇచ్చారనుకో. పాపం, ఆ మనిషి...” తల్లి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ మనిషి ఎవరో ఆవిడకే తెలియదు.

“పోనివ్వను. తప్పకుండా రావాల్సినవేవో ముందే చెప్పి ఉంచుతాను. ఒక్కటి తగ్గినా తీసుకోకుండా ఆగి నన్ను పిలుస్తుంది. ఇంకోటి విను. ‘ఏ మందైనా పడుతుంది’ అనడం వేరు, ‘మేం అడగలేదు’ అనడం వేరు. రెండు చోట్లా ఖాళీ వదిలేస్తే కొంప మునుగుతుంది. విడివిడిగా రాస్తాను.”

“కొందరి ఫోను నంబరు ముందు సున్నా ఉంటుంది. ఊరికే ఉందిలే అని ఆ మిషను దాన్ని మింగేస్తే? ప్రాణం మీదికొస్తే ఎవరికి చేస్తారే ఫోను?”

“అందుకే దాన్ని అంకెగా పంపను, మాటగా పంపుతాను. కూడికలూ తీసివేతలూ అక్కర్లేని నంబరు ఏదైనా నా లెక్కలో మాటే.”

తల్లి కాసేపు ఆలోచించింది. ఆవిడ ఆలోచించిందంటే ఇంకో ప్రమాదం దొరికిందన్నమాటే.

“సరే, నా వివరాలు రాస్తున్నావు. భర్త అన్నచోట మీ నాన్న వివరాలన్నీ రాస్తావు. అందులో భార్య అన్నచోట మళ్లీ నావి. అందులో మళ్లీ ఆయనవి! ఇలా ఒకరి వెనక ఒకరం తిరుగుతూ కూర్చుంటే ఎప్పటికి తెములుతుందే?”

గువ్వ కుర్చీలో వెనక్కి వాలి పగలబడి నవ్వింది. “తెమలదు. మిషను అలిసిపోయి కూలబడుతుంది. అందుకే నీకో గుర్తు, నాన్నకో గుర్తు ఇస్తాను. నీ దగ్గర ఆయన గుర్తు మాత్రమే రాస్తాను, ఆయన దగ్గర నీది. అవతలికి చేరాక గుర్తులు చూసి మీ ఇద్దర్నీ కలుపుతాను.”

“ఖర్మ కాలి నన్ను ఇంకో ఆయనకి కలిపేస్తే?”

“మళ్లీ అక్షరాలుగా విప్పి చూస్తాను. మొదట పంపినదీ ఇదీ పక్కపక్కన పెట్టి పోలుస్తాను. చుక్క తేడా ఉన్నా నిన్ను ఎవరికీ అప్పగించను, సరేనా?”

గేటు దగ్గర్నుంచి తండ్రి గొంతు వినిపించింది. “నేను లోపలికి రావచ్చా?”

“రావద్దు!” ఇద్దరూ ఒకేసారి అరిచారు.

నవ్వు ఆగాక గువ్వ తెర వైపు చూసింది. నలుపు నలుపుగానే ఉంది.

“నీకైతే ఎన్నైనా చెప్తానమ్మా. వాళ్లు అడిగేసరికి గొంతు పూడుకుపోతుంది.”

“నాదే తప్పు. దిక్కుమాలిన సందేహాలన్నీ అడిగి, ఉన్న కాస్త ధైర్యం కూడా పోగొట్టాను. నేను అవతలికి పోతాను.”

“వెళ్లకు,” అంటూ గువ్వ తల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు.

చాలాసేపటికి బరబరమని చప్పుడైంది. తెర వెలిగింది. నెరిసిన జుట్టావిడ ఒకరు మైకు సర్దుకుంటున్నారు. పక్కన ఇద్దరు మగవాళ్లు. గువ్వ చటుక్కున లేచి నిలబడింది.

“ప్ర... ప్రశ్నలు అడగండి మేడమ్.”

అవతల ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల్లి పిడికిలి గట్టిగా బిగించింది. చివరికి నెరిసిన జుట్టావిడే మైకు దగ్గరికి వంగి అన్నారు.

“మేం అడగాల్సినవన్నీ మీ అమ్మగారే అడిగేశారు, సోమవారం వచ్చి చేరిపోండి.”