వదులైన దారం

పదకొండు నెలలుగా ల్యాబులో ఎమిలీకి ఒకటే పని. ఎలుకల కాలికి వాపు తెప్పించడం, ఆ వాపును పెంచే ఎంజైమును అడ్డుకునే మందు ఇవ్వడం, గంటగంటకూ కాలిచుట్టూ దారం బిగించి కొలవడం. ఒక్కదానికీ వాపు తగ్గి చావలేదు.

ఆ రాత్రీ అంతే. ఐదు ఎలుకల కాళ్లూ బూరెల్లా ఉన్నాయి. ఆరోది మధ్యాహ్నమే చచ్చింది. కారణం తెలుస్తుందని కోసి, గుండె తీసి సీసాలో వేసింది. మిగతాది ట్రేలో, గుడ్డ కింద ఉంది.

"ఇంకా రేత్రయితే ట్రాఫిక్ కాలనీకి రిచ్చా దొరకదమ్మా, ఎల్లిపో. దాన్ని పొద్దుట పాతేత్తాను," అన్నాడు అటెండరు తవిటయ్య.

"దాని కాలికి దారం ఉండిపోయింది. తీసేసి వెళ్తాను," అంటూ విసుగ్గా గుడ్డ ఎత్తింది.

బిగించి కట్టిన దారం వదులుగా వేలాడుతోంది. కొలిచింది. వాపు సగం తగ్గింది.

"నువ్వు ముట్టుకున్నావా?"

"సచ్చినదాన్ని నానేటి ముట్టుకుంతానమ్మా?"

బయట రైల్వే యార్డులో పెట్టెల షంటింగ్ చప్పుడు ఆగిపోయింది. ఎమిలీకి భయం కన్నా ముందు ఒళ్లు మండింది. ఇన్నాళ్లకు మందు పనిచేసింది, అదీ చచ్చినదాని మీద! రీసెర్చి గైడుకు ఏమని చూపించాలి? సరిగ్గా కొలుద్దామని దారం మళ్లీ గట్టిగా బిగించింది.

ఎలుక మెల్లగా కాలు వెనక్కి లాక్కుంది.