లిఫ్టు ఆగితే

యూనివర్సిటీ లైబ్రరీలో ప్రమాద గంట మోగగానే లిఫ్టు ఆగిపోయింది. మూడో అంతస్తులో చదువుకుంటున్నవాళ్లంతా మెట్ల మీదుగా పరుగులు తీశారు. చక్రాల కుర్చీలోని అమ్మాయి మాత్రం మెట్ల దగ్గరే చిక్కుకుపోయింది. పుస్తకాలు సర్దే ఆయమ్మ ఆమెను చూసి వెనక్కి వచ్చింది.

"మీరెళ్లిపోండక్కా, నాకేం కాదు," అంది అమ్మాయి.

"బాగుంది వరస. నిన్నొదిలేసి ఎలా వెళ్తాను?"

ఎత్తుకోబోతే ఆయమ్మకు నడుం పట్టేసింది. యూనివర్సిటీ అత్యవసర నంబరుకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదు. కింద మైకులో ఎవరో చెబుతున్నారు: "భవనం ఖాళీ అయింది. అందరూ క్షేమం."

ఆ మాట విని ఆయమ్మ మెట్టు మీద కూలబడి కూతురికి ఫోన్ చేసింది. తమ్ముణ్ణి జాగ్రత్తగా చూసుకోమని మాత్రం చెప్పి పెట్టేసింది.

నలభై నిమిషాలకు భద్రతాధికారి ఆయాసపడుతూ పైకొచ్చాడు.

"మంటా లేదు, పొగా లేదు. ఏ వెధవో ఊరికే మీట నొక్కాడు."

"నేనే నొక్కాను సార్," అంది అమ్మాయి. "లిఫ్టు ఆగితే నా గతేంటని రెండుసార్లు అర్జీ పెట్టాను. ఎవరో ఒకరు వస్తార్లే అన్నారు. ఎంతసేపటికి వస్తారో చూద్దామనుకున్నాను."

తర్వాత ఆయమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

"మీరు ఉండిపోతారనుకోలేదక్కా."