ఆరో పేజీ

“యుద్ధం నాటి పేపర్లు ఉండేది ఈ ఇంట్లోనేనా నాయనా?”

గేటు బయట నిలబడి అడిగాడు ముసలాయన. చేతిలో గుడ్డసంచి. ఇందుకూరుపేటలో ఆ ముఖాన్ని ఎన్నడూ చూడలేదు మాలకొండయ్య.

“ఎవురు చెప్పినారు?”

“హైస్కూలు ఎగ్జిబిషన్లో ఒక పేపరు అద్దంలో పెట్టినారంట గదా. డెబ్బై ఒకటి, డిసెంబరు నాలుగోది. చూసినోళ్ళు చెప్పినారు.”

నిజమే. హైస్కూలు వాళ్ళు అడిగితే మాలకొండయ్యే ఇచ్చి, మొన్న వెనక్కి తెచ్చుకున్నాడు. పాకిస్తాన్‌తో యుద్ధం మొదలైనప్పటి ఏడు రోజుల పేపర్లు మాలకొండయ్య తండ్రి రేకుపెట్టెలో దాచాడు. ఏటా ఎండలో వేసి, వేపాకు మార్చి మళ్ళీ పెట్టేవాడు. ఒక్కగానొక్క కొడుకని పేరేగాని మాలకొండయ్యను కూడా తాకనిచ్చేవాడు కాదు. ఆయనకు యుద్ధం కబుర్లంటే అంత పిచ్చి అనుకునేవారు ఇంట్లో.

“కొంటారా ఏంది?”

“కొనను. ఆరో పేజీలో ఒక చిన్న ముక్క ఉందంటారు. ఉందో లేదో చూసిపోతా.”

మాలకొండయ్యకు అనుమానం తగిలింది. యుద్ధం కోసం వచ్చినవాడు మొదటి పేజీ అడగాలి. ఆరో పేజీతో ఏం పని?

“అందులో ఏముంది?”

ముసలాయన వసారా గోడకున్న మాలకొండయ్య అమ్మానాన్నల ఫోటో వైపు చూస్తున్నాడు.

“ఆయన పోయి ఎన్నేళ్ళయింది?”

“పదకొండు.”

“ఆమె?”

“మా అమ్మ అంతకు ముందే పోయింది. ఇయన్నీ మీకెందుకు?”

లోపలికి వెళ్ళగానే భార్య పెంచలమ్మ గొంతు తగ్గించి అంది.

“సోమవారం మైపాడు రోడ్డు పొలం రిజిస్ట్రేషన్ పెట్టుకోని ఉండాం. కోర్టు నోటీసులు పేపర్లోనే గదా వేసేది. ఏదో ముక్క పట్టుకోని వాటాకొస్తాడేమో. చూపించబాక.”

మాలకొండయ్య బయటికి వచ్చాడు.

“పేపర్లు లేవు పెద్దాయనా. చెదలు తినేసినాయి.”

“మొన్న అద్దంలో పెట్టినారే.”

“ఆ ఒక్కటే. అదీ చినిగిపోయింది.”

“చినిగినా పర్వాలా. నేను తాకను. మీరే పట్టుకోండి, ఈడి నుంచే చదువుకుంటా.”

“కుదరదు.”

ముసలాయన తలూపాడు. ఆ ముఖంలో కోపం లేదు. మాలకొండయ్య అనుమానం దాంతో ఇంకా పెరిగింది. ఇంత నెమ్మదిగా పోయేవాడు రేపు లాయరును వెంటబెట్టుకుని వస్తాడు.

“మీ పేరేంది? ఏ ఊరు?”

“గంగులయ్య. ఊరంటూ ఏం లేదు. ఓడల్లో పనిచేసినా.” కాస్త ఆగి అన్నాడు. “డాక్టరు ఇంక తిరగొద్దన్నాడు. మళ్ళీ రాలేను.”

మాలకొండయ్య ఆ పేరు ఫోన్లో రాసుకున్నాడు.

నెల్లూరు పోయే ఆటో ఆగింది. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు ముసలాయన. ఆటో మలుపు తిరిగేదాకా మాలకొండయ్య గేటు వదల్లేదు.

తర్వాత అటక మీది రేకుపెట్టె దించాడు. ఆ ముక్కేదో ముందు తాను చూసి, అవసరమైతే చింపి పొయ్యిలో వేయాలని.

వేపాకు దులిపి నాలుగో తేదీ పేపరు పరిచాడు. మొదటి పేజీ నిండా విమానాలూ బాంబులూ. ఆరో పేజీలో, సినిమా ప్రకటనల కింద, అగ్గిపెట్టెంత చోటు.

“నాయనా గంగులూ, నువ్వు ఇల్లు విడిచి పదిరోజులైంది. అమ్మ అన్నం ముట్టడం లేదు. నేను కొట్టింది తప్పే. ఎక్కడున్నా ఇంటికి రా. ఒక్క మాట అనను.”

ఐదో తేదీది తీశాడు. అదే పేజీ, అదే ముక్క.

ఆరో తేదీ. ఏడో తేదీ. చివరిదాకా తిరగేశాడు. ఒక్క రోజు కూడా తప్పలేదు.

పెంచలమ్మ భుజం మీదుగా వంగి చదివింది.

“ఎవురీ గంగులు?”

మాలకొండయ్య ముక్క అడుగున వేలు పెట్టి చూపించాడు. ఏడు ముక్కల కిందా ఉన్నది తన తండ్రి పేరూ, ఈ ఇంటి చిరునామానే.