ఫ్రెంచి కోడికూర పరీక్ష

“తోలు తియ్యకు చెల్లె!”

కోడి తొడకు కత్తి ఆనించబోతున్న నవీన ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

వంటింటి వెనక తలుపు దగ్గర ఒక నడివయసు మనిషి నిలబడి ఉన్నాడు. మాసిన చొక్కా, దుమ్ముపట్టిన చెప్పులు, భుజాన సంచి. తోట పనికి వచ్చినవాడై ఉంటాడనుకుంది.

“ఎవలన్నా నువ్వు? గట్ల తొంగి సూత్తవేంది?”

“మేడం రమ్మన్నది. యాల్లకన్న ముందే వచ్చిన, ఎనుక కూసోమన్నరు. నీల నువ్వే మాట్లాడుకుంటున్నవు. మన యాస ఇనవడితే లేసొచ్చిన.”

మన యాస అనేసరికి నవీన కోపం సగం దిగిపోయింది. మిగతా సగం చూపించడానికి ఇప్పుడు తీరిక లేదు.

మస్కట్ నగరంలో ఖురం అనే పేటలోని ఈ ఇంటి మేడం అజీజా చదువుకునే రోజుల్లో ఫ్రాన్సులో ఒక పల్లెటూరి ముసలావిడ ఇంట్లో ఉండేదట. ఆవిడ సన్నని సెగ మీద మగ్గబెట్టిన కోడికూరను ఇప్పటికీ మరిచిపోలేదట. అది వండి మెప్పించినవాళ్లకే ఈ ఇంట్లో వంట ఉద్యోగం. పొద్దున నవీన వంతు. మధ్యాహ్నం ఎవరో హోటల్ కుక్ వంతు.

తొమ్మిదేళ్లుగా మస్కట్‌లో ఇళ్లు ఊడ్చింది నవీన. నెలాఖరుకు వీసా అయిపోతుంది. ఈ ఉద్యోగం రాకపోతే విమానం ఎక్కడమే. వస్తే మాత్రం కుక్! ఆ మాట తలుచుకుంటేనే పొద్దుటి నుంచి గుండె గంతులేస్తోంది.

“తోలుంటె నీసు వాసన రాదా? పసుపు, ఉప్పు వెట్టి కడుగుదామనుకున్న.”

“పసుపు వెడితే మన కూరైతది. తడి లేకుంట తుడువు. తోలు కిందికి వెట్టి వెన్నల వెయ్యి. ఇగ ముట్టకు.”

“ముట్టకుంటె అంటుకోదా?”

“అంటుకుంటది. ఎర్రగైనంక అదే ఇడుస్తది.”

నవీనకు నమ్మబుద్ధి కాలేదు. అయినా గరిటె పక్కన పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి నిజంగానే ముక్క దానంతటదే వదిలింది. తోలు ఎర్రగా కరకరలాడుతోంది.

“అబ్బ! సూడన్నా, సూడు!”

ముక్కలన్నీ పళ్లెంలోకి తీసేసరికి ఆ సంబరం కాస్తా ఎగిరిపోయింది. గిన్నె అడుగంతా ముదురు రంగు చెక్కు కట్టి ఉంది.

“అయ్యో, అడుగంటింది!” అంటూ గిన్నెను సింకు దగ్గరికి తీసుకెళ్లి నల్లా తిప్పబోయింది.

ఆయన ఒక్క అంగలో లోపలికి వచ్చి గిన్నె పట్టుకున్నాడు.

“కడుగకు! రుచంత ఆడనే ఉన్నది. ఉల్లిగడ్డ, క్యారెట్, ఎల్లిగడ్డ అండ్లనే వెయ్యి.”

“వంట రాసిచ్చిన కాయితంల వైన్ పొయ్యమని ఉన్నది. మేడం దాని బదులు నల్ల ద్రాక్ష రసం ఇచ్చింది.”

“మంచిదే. జర సిర్కా కలుపు, లేకుంటె తియ్యగైతది. పోసినంక అడుగు గీకు.”

నవీన వెనిగర్ సీసా అందుకుంది. రసం పడగానే గిన్నె బుస్సుమంది. మాడిందనుకున్న చెక్కంతా కరిగి పులుసులో కలిసిపోయింది. ముక్కలు మళ్లీ అందులో సర్ది, మూతపెట్టి సెగ తగ్గించింది.

“గివన్ని నీకెట్ల ఎర్క?”

“వచ్చిన కొత్తల హోటల్ల గిన్నెలు తోమిన. సూసుకుంట నేర్సుకున్న.”

“మరిప్పుడు?”

“నాలుగు నెలల సంది డ్యూటీ లేదు చెల్లె. పనికోసమే తిరుగుతున్న.”

నవీన ప్రాణం ఊరుకోలేదు. అప్పుడే ఉద్యోగం వచ్చేసినట్టు అభయమిచ్చింది.

“ఫికర్ వెట్టుకోకన్నా. నాకు నౌకరి దొరికితే నీ గురించి మేడంకు నేనే జెప్త. తోటల మంచిగ పనిజెయ్యి, ఉంచుకుంటది. ఆ హోటలోడు నన్ను గెలువకుంటె సాలు.”

“అంత ఆశున్నదా ఈ నౌకరి మీద?”

“తొమ్మిదేండ్లు ఒకల ఇండ్లు ఊడ్చిన. ఇది గూడ పోతే ఇగ ఇంటికే అన్నా.”

ఆయన వంగి సెగ ఇంకాస్త తగ్గించాడు. గంట గడిచాక నవీన మూత తీసింది. ఇల్లంతా ఘుమఘుమలాడిపోయింది. ఆయన చెంచాడు పులుసు నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు.

“ఏమన్న తక్కువైందా?”

“ఏం తక్కువ గాలే. ఇగ ఎవ్వలు జెప్పినా ఏం కలుపకు. పో, ఏడి మీద వెట్టు.”

మేడం మొదటి ముద్ద తిని ఆగింది. తరువాత ఫోర్కు పక్కన పడేసి, చేత్తోనే ముక్క అందుకుంది.

“నవీనా, ఇదే! అచ్చం ఇదే!”

నవీనకు కాళ్లు నేలమీద నిలవడం లేదు.

“కానీ ఒక్క పూట ఆగు,” అంది మేడం. “ఆ హోటల్ కుక్‌ను కూడా రమ్మన్నాను. ఇరవై ఏళ్ల అనుభవం. ఆయన వంట కూడా చూడాలి కదా.”

నవీన ముఖం వాడిపోయింది. అయినా అంత మేలు చేసినాయన గుర్తొచ్చి, ఒక పళ్లెంలో కూర పెట్టుకుని వెనక తలుపు వైపు పరుగెత్తింది.

మెట్ల మీద ఎవరూ లేరు. గేటు దాకా వెళ్లి చూసింది. రోడ్డు మీద కూడా లేడు. అయ్యో, పేరైనా అడగలేదే అని తనను తాను తిట్టుకుంటూ వెనక్కి వచ్చి, తనకొచ్చిన అరబ్బీలో మేడంతో చెప్పింది.

“మేడం, తోట పనికి వచ్చినాయన వెళ్లిపోయాడు. చాలా మంచివాడు. మళ్లీ పిలిచి పనిలో పెట్టుకోండి.”

“తోట పనికి నేనెవరినీ పిలవలేదే. ఇవాళ రమ్మన్నది మీ ఇద్దరినే, నిన్నూ, పెద్దులు అనే ఆ హోటల్ కుక్‌నూ.”

అంతలో మేడం ఫోన్ మోగింది. తెర చూసి ఆవిడ నొసలు చిట్లించింది.

“ఇదిగో, పెద్దులే మెసేజ్ పెట్టాడు. ఏం రాశాడో విను. ‘నేను రుచి చూశాను మేడం, ఆమెనే పెట్టుకోండి.’”